ఉడుము చెట్టుకు మూడు గాట్లు

వాగొడ్డున వరసగా మద్దిచెట్లు, చెట్టు కిందొక పుట్ట, పుట్టకొక పండితుడు. ఆ అడవిలో ఏర్పాటు అది. ఒకరు వానల సంగతి చెబుతారు, ఒకరు వేర్ల సంగతి. ఉడుము చదువు మాత్రం వేరు. ఏ మంద ఎవర్ని పెద్దగా ఎన్నుకుంటుంది, ఎందుకు ఎన్నుకుంటుంది అన్నది దాని విద్య. నలుగురిలో ఎవరైనా "ఫలానా వారు చెప్పినట్టు" అంటే చాలు, వడ్రంగిపిట్ట వచ్చి ఆ ఫలానా వారి చెట్టు మీద ఒక గాటు పెడుతుంది. తొలకరి నాటికి ఇరవై గాట్లు లేని పండితుడు పుట్ట ఖాళీ చేసి రాళ్ళగుట్టకు పోవలసిందే.

ఉడుము చెట్టుకు మూడే గాట్లు.

ఆరేళ్ళు మందల వెనక పాకి పాకి అది తేల్చింది ఒక్కటే సంగతి. "మంద గట్టిగా అరిచేవాణ్ణే పెద్దగా ఎన్నుకుంటుంది. కరువులో ఆ మందే దారి తప్పుతుంది." పట్టిన పట్టు వదలని జాతి గదా, ఆ రెండు ముక్కల కోసం తొంభై మందల్ని చూసింది. ఇప్పుడు పొద్దున ఒకసారి, ఎండ నెత్తికెక్కాక ఒకసారి గాట్లు లెక్కపెట్టుకుంటోంది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా మూడు నాలుగవుతాయా? మేత సహించడం లేదు. మబ్బుతునక కనబడితే అడవంతా సంబరపడుతుంటే ఉడుముకు గుండెదడ.

పక్కచెట్టు నక్కది. డెబ్బై గాట్లు. నక్క ఏనాడూ ఒక మంద వెనక నాలుగడుగులు వేసిన పాపాన పోలేదు. తునికిపళ్ళు ఏరి చిలకలకు పోసి, మాటకు ముందు తన పేరు పలికించేది.

"ఏం బావా, అలా చిక్కిపోయావు?" అంది నక్క ఒకనాడు పుట్ట ముందు చతికిలబడి.

"మబ్బు పడుతోంది బావా" అంది ఉడుము.

నక్కకు అర్థమైంది. ఉడుము తేల్చిన సంగతికి తన పేరు ముందు, ఉడుము పేరు వెనక పెడదామంది. చిలకలు ఎలాగూ తన చేతిలోవే, పదిరోజుల్లో ఇద్దరికీ గాట్లే గాట్లంది. ఉడుముకు మనసొప్పలేదు. కానీ మునిగేవాడు గడ్డిపోచనైనా పట్టుకుంటాడు. మాట మాత్రం పూర్తిగా చెప్పించమని బతిమాలుకుని, సరేనంది.

చిలక నోటికి అంత పొడుగు మాట పట్టదు. నక్క దాన్ని కోసి, నున్నగా చెక్కి నేర్పింది. మర్నాటి నుంచి కొమ్మకొమ్మనా ఇదే కూత. "నక్క వగైరా చెప్పినట్టు, గట్టిగా అరిచేవాడే మందకు తగిన పెద్ద." వగైరాకు గాటు పెట్టే ఆచారం లేదు. నక్క చెట్టుకు మరో నలభై పడ్డాయి. ఉడుముకు మూడు మూడుగానే ఉన్నాయి. మాట తలకిందులైందని నెత్తీనోరూ కొట్టుకుంది. వినేదెవరు? తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ కూత దుప్పులు విన్నాయి. నీటి జాడ తెలిసిన ముసలిదుప్పిని పక్కన పెట్టి, గొంతు పెద్దదైన ఓ మగదుప్పిని ముందు నడవమన్నాయి. అది అరుచుకుంటూ పోయి మందను ఎండిన కుంటలో దింపింది. నాలుగు దుప్పులు బురదలో కూరుకుపోయాయి. అడవికి పెద్దయిన ఏనుగు వచ్చి లాగితే మూడే బయటపడ్డాయి.

సాయంత్రానికి సభ. ఎవరి మాట విని పోయారని ఏనుగు అడిగింది. "నక్క వగైరా" అన్నాయి చిలకలు ఒక్క గొంతుతో.

"పెద్దయ్యా, ఆ మాట నాది కాదు" అంది నక్క వెంటనే. "వగైరా అంటే ఈ ఉడుమే. తేల్చింది అదే. నేను పేరు అరువిచ్చానంతే."

అందరి చూపులూ ఉడుము మీద పడ్డాయి. పుట్ట సంగతి దేవుడెరుగు, ఏనుగు కాలు ఎత్తితే ప్రాణమే పోయేట్టుంది. అయినా పట్టు వదల్లేదు.

"పేరు కలపడం నా తప్పే, పెద్దయ్యా. కానీ బావా, తేల్చింది నేనేనని నువ్వే అన్నావు గదా. నేను తేల్చిందేమిటో మొత్తం చెప్పు."

నక్క చిలకల మాటే చెప్పింది. దానికి తెలిసిందంతే.

అప్పుడు ముసలిదుప్పి లేచింది. "ఉడుము చెప్పగా నేను విన్నాను. దాని చెట్టు మీద మొదటి గాటు నా నోటి నుంచి పడిందే. కరువులో ఆ మందే దారి తప్పుతుందని కూడా అంది. ఆ ముక్క ఏమైంది?"

నక్కే కోసి నేర్పిందని చిలకలు చెప్పేశాయి. తనది కాదంటే గాట్లు పోతాయి, తనదంటే దుప్పి చావు మెడకు చుట్టుకుంటుంది. నక్కకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏనుగు దాని మద్దిచెట్టుకు ఒళ్ళు రాసి బెరడంతా ఊడగొట్టింది. నూట పది గాట్లూ పొట్టయి రాలాయి. నక్క రాళ్ళగుట్టకు పోయింది.

ముసలిదుప్పి వెంట మంద నీళ్ళకు చేరింది. ఒడ్డున తాగినప్పుడల్లా ఏదో ఒక దుప్పి "ఉడుము చెప్పినట్టు, అరిచేవాడి వెంట పోయి దారి తప్పాం" అనేది. తొలి చినుకు రాలేసరికి ఉడుము చెట్టుకు ఇరవై ఒక్క గాట్లు. అయినా పాపం, అది ఇప్పటికీ పొద్దున్నే లేచి లెక్కపెట్టుకుంటూనే ఉంది.

ఒకరి మాటను కోసి తెచ్చుకున్న పేరు, అడిగేవాళ్ళు వచ్చిన రోజున ఉరితాడవుతుంది.