రాజుగారి పన్నీరు బుడ్డి

అనగనగా, మా అమ్మమ్మకి వాళ్ళమ్మమ్మ చెప్పిన కాలంలో, అద్దాలవరం అని ఒక ఊరు. ఆ ఊరికో రాజు. ఏనుగులున్నాయా అంటే ఒకటే ఉంది, అదీ ముసల్ది. గాజుసామాను మాత్రం గదినిండా ఉంది. ఆ గది తాళంచెవి గవర్రాజని ఒక పెద్దాయన మొలలో ఉండేది. ఊ కొట్టండర్రా. గుర్రానికి గడ్డెలాగో కథకి ఊ అలాగ.

ఆ సామానంతట్లోకీ గొప్పది పన్నీరు బుడ్డి. రాజుగారి ముత్తవ్వ కాపరానికొస్తూ తెచ్చుకుంది. పొడుగు మెడ, బొద్దు పొట్ట, అడుగున లక్కతో అతికించిన వెండి తొడుగు. ఆ ఇంట్లో ఏ పెళ్ళయినా మొదటి పన్నీరు దాంట్లోంచే చల్లాలి, అది వాళ్ళ ఆనవాయితీ. గవర్రాజుకి అదంటే దేవుడి విగ్రహమే. రోజూ కడిగేవాడు, తుడిచేవాడు, ఎండబెట్టేవాడు, ఎత్తిపెట్టేవాడు. తెల్లారితే మళ్ళీ కడిగేవాడు, తుడిచేవాడు, ఎండబెట్టేవాడు, ఎత్తిపెట్టేవాడు. అలా ఒకేడు కాదు, రెండేళ్ళు కాదు, ఇరవయ్యేళ్ళు.

ఇరవయ్యేళ్ళకి మళ్ళీ ఆ ఇంట్లో పెళ్ళి కుదిరింది, రాజుగారి కూతురికి. బుడ్డి తెమ్మన్నారు, తెచ్చాడు. రాజుగారి తల్లి దాన్ని చూసి నోరు నొక్కుకుందిట. నా పెళ్ళినాడు ఇది మంచినీళ్ళలా తెల్లగా ఉండేది, ఇదేమిటి నేరేడుపండు కడిగిన నీళ్ళలా ఉంది అందిట. తల్లి కొడుకుతో అంది, కొడుకు మంత్రితో అన్నాడు, మంత్రి బంట్రోతుతో అన్నాడు, బంట్రోతు పెళ్ళాంతో అన్నాడు, పెళ్ళాం నూతి దగ్గర అంది. ఇంకేముంది, గవర్రాజు పాతబుడ్డి అమ్ముకుని అంగట్లో దొరికే రంగుబుడ్డి తెచ్చిపెట్టాడని ఊరంతా అంది. తాళంచెవి లాగేసుకున్నారు. శుక్రవారం పొద్దుగూకేలోగా ఇంటిల్లిపాదీ ఊరు దాటాలన్నారు.

వింటున్నావా సుబ్బులూ? కళ్ళు మూసుకుంటే మూసుకో, చెవులు మూసుకోకు.

గవర్రాజుకి ఒక కోడలుంది, పేరమ్మ. మొగుడు పడవమీద సరుకుకి పోయాడు. ఇంట్లో మామా కోడలే. మూడురోజులపాటు మామ మెతుకు ముట్టలేదు. నేను తియ్యలేదని ఒట్టన్నా వెయ్యడే, గోడవేపు చూస్తూ కూర్చునేవాడు. అది చూసి చుట్టుపక్కలవాళ్ళు, తప్పు చేశాడు కనకే నోరు పెగలటంలేదన్నారు. లోకులు పలుగాకులు, ఊరికే అన్నారా.

పేరమ్మ పుట్టిల్లు గాజు కొలిమి. వాళ్ళ నాన్న గొట్టంతో గాజు ఊది సీసాలు చేసేవాడు. ఆవిడ మామ దగ్గర కూర్చుని, మావయ్యగారూ, రోజూ ఆ బుడ్డిని ఏం చేసేవారు అని అడిగింది. కడిగేవాణ్ణి, తుడిచేవాణ్ణి, ఎండబెట్టేవాణ్ణి, ఎత్తిపెట్టేవాణ్ణి అన్నాడు. ఎండలో ఎంతసేపు అంది. పొద్దుటినించి పొద్దుగూకేదాకా డాబామీదే, చెమ్మ ఉంటే మరక కడుతుందని భయం అన్నాడు. ఆ మాట వినేసరికి పేరమ్మ కొంగు దోపుకుని లేచింది.

నేరుగా కోటకి పోయి, బుడ్డి మారలేదు, రుజువు చేస్తాను, పళ్ళెంలో గోరువెచ్చటి ఇసక ఇప్పించండి అంది. మంత్రి నవ్వాడు. రాజు మాత్రం, సరే కానీ బుడ్డికి బీట పడిందంటే నీ మామకి ఊరు దాటడమే కాదు, చెరసాల కూడా అన్నాడు.

గాజుకి తొందర పనికిరాదర్రా. ఒక్కసారి వేడి తగిలితే ఠప్పుమంటుంది. అందుకని పేరమ్మ వెండి తొడుగుని ఇసకలో గుచ్చి, కాస్త వేడి ఇసక కలిపి, ఆగి, ఇంకాస్త కలిపి, మళ్ళీ ఆగి, అలా గంటసేపు కూర్చుంది. ఎవరూ కదల్లేదు, మంత్రి దగ్గొస్తున్నా ఆపుకున్నాడు. లక్క మెత్తబడింది. మెల్లిగా తిప్పింది. తొడుగు ఊడొచ్చింది.

తీరా చూస్తే ఏముంది? ఒకే బుడ్డి, పైనంతా నేరేడు రంగు, తొడుగులో ఉన్న అడుగు మాత్రం మంచినీళ్ళంత తెలుపు. గాజు తెల్లగా రావాలని కొన్నిచోట్ల కొలిమిలో ఒక నల్లమన్ను వేస్తారు, అలాంటి గాజు ఏళ్ళతరబడి ఎండలో ఉంటే రంగు తిరుగుతుంది, ఎండ తగలనిచోట తిరగదు అని చెప్పింది. పైన పూసిన రంగేమో అన్నాడు మంత్రి. గోకి చూడండి అంది. గోకాడు, గోరు విరిగింది.

అక్కడితో ఆగిందా, అంగట్లోంచి కొత్తబుడ్డి తెప్పించింది. కొత్తది అచ్చులో పోసింది, పక్కన సన్నటి గీత మూతిదాకా పాకింది. పాతదానికి గీతే లేదు, అడుగున గరుగ్గా మచ్చుంది. గొట్టంతో ఊదిన సీసాని అడుగున కడ్డీకి అతికించి మూతి దిద్దుతారు, ఆ కడ్డీ విరిచినచోట మిగిలే బొడ్డు ఇది, ముత్తవ్వగారి కాలంలో పనంతా ఇలాగే అని రాజుగారి తల్లి వేలు పట్టుకుని తడిమించింది. ఆ పెద్దావిడ బుడ్డిని గుండెలకి హత్తుకుని, మా అత్తగారి అత్తగారిదే, అయ్యో ఎంత మాటన్నాం అని ఏడ్చేసిందిట.

రాజు సింహాసనం దిగొచ్చి, తాళంచెవి పట్టుకుని గవర్రాజు ఇంటిదాకా నడిచాడు. ఊరంతా చూస్తుండగా తప్పు నాదే అన్నాడు. పెళ్ళిలో మొదటి పన్నీరు గవర్రాజే చల్లాలన్నాడు.

రాజు వెళ్ళాక పేరమ్మ విస్తరేసింది. గవర్రాజు మూడురోజుల ఆకలీ కలిపి చారన్నం మూడుసార్లు కలుపుకుని తిన్నాడు. తింటూ తింటూ చెయ్యాపి, మెల్లిగా అన్నాడు:

"ఎండలో నా కళ్ళముందే కొంచెంకొంచెంగా మారిందేమో, నాకు తెలీలేదమ్మా. వాళ్ళంతా అంటుంటే, ముసలితనంలో నేనే ఎక్కడో మార్చేశానేమో, దొంగని నేనేనేమో అనుకున్నాను."

ఒట్టెందుకు వెయ్యలేదో పేరమ్మకి అప్పుడు తెలిసింది. మీరు కారు మావయ్యగారూ అని, ఇంకో గరిటెడు చారు పోసింది. ఆయన హాయిగా జుర్రుకుని తాగాడు.

అందుకే ఎవరినన్నా మాటనేముందు తిరగేసి అడుగు కూడా చూడాలి. పదిమంది అంటే పాపం, చెయ్యనివాడు కూడా చేశానేమో అనుకుంటాడు. ఇంక కథ కంచి బండెక్కింది, మీరు దుప్పట్లో దూరండి.