అడవికంతటికీ ఒకే పొట్ట

ఒకప్పుడు అడవి మొత్తానికీ కలిపి ఒకటే పొట్ట ఉండేది. అది చెడిపోయింది. చెడగొట్టింది పెద్దపులి. ఆ మాట పులి మొహం మీద అనే దమ్ము మాత్రం ఎవరికీ లేకపోయింది.

ఆ పొట్ట కొండ కింద ఉన్న పెద్ద గుంట. ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేది. ఎవరికి దొరికింది వాళ్లు నమిలి తెచ్చి అందులో ఉమ్మేవారు. లోపల కంటికి కనపడనంత చిన్న వంటవాళ్లు లక్షలమంది ఉండేవారు. వాళ్లు దాన్నంతా అరగదీసేవారు. గుంటకు ఒక పొడవాటి పేగు. దాని చివరినుంచి జావ వచ్చేది. ఆ జావే అందరి తిండీ.

గేదెకు ఈ ఏర్పాటు మొదటినుంచీ నచ్చలేదు. మాంసం ఇట్టే అరుగుతుంది. గడ్డి అరగాలంటే చాలా పొద్దు పడుతుంది. రెండిటినీ ఒకే గుంటలో పోస్తే ఇంకేమవుతుంది? తన మాంసం అరగ్గానే పులి "అయింది, అయింది, జావ వదలండి!" అని గర్జించేది. అప్పటికి గడ్డి పచ్చిగానే ఉండేది. ఆ పచ్చి నీళ్లే గేదె వాటా.

పచ్చి నీళ్లు తాగితే పాలెక్కడినుంచి వస్తాయి? గేదెకు ఒక లేగదూడ ఉండేది. అది పొదుగును కుమ్మి కుమ్మి, చుక్క కూడా రాక, అక్కడే కూలబడేది. దాని డొక్కలు లోపలికి పోయాయి. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే దూడ బతకదు.

గేదె పులి దగ్గరికి వెళ్లింది.

"పులి మావా, ఇంకాస్త ఆగు. గడ్డి కూడా అరగనీ."

"ఆగడమా? నేనా? నీ గడ్డి కోసం నా మాంసం కుళ్లబెట్టుకోవాలా? అయినా గడ్డి తినమని నీకెవరు చెప్పారే? హాయిగా మాంసం తిను."

"నువ్వు తినే మాంసం మావాళ్లదే కదా మావా!"

పక్కనే ఉన్న గుర్రం సకిలించింది. "పెద్దవాళ్లతో ఏంటే ఆ మాటలు?"

గుర్రం తినేదీ గడ్డే. అదీ ఆ పచ్చి నీళ్లే తాగి సగం ఆకలితో పడుకునేది. కానీ పులి పక్కన నిలబడితే తనకూ నాలుగు చారలు వస్తాయేమోనని దాని ఆశ.

పులికి తొందర ఇంకా ఎక్కువైంది. ఎక్కడినుంచో ఘాటైన పుల్లనీళ్లు తెచ్చి గుంటలో కుమ్మరించింది. మాంసం చిటికెలో కరిగింది. వంటవాళ్లు కెవ్వుమన్నారు. సగంమంది చచ్చారు, మిగతావాళ్లు గుంట అంచుకు పాక్కుంటూ పోయారు. అరగదీసే దిక్కులేని గడ్డి అడుగున పులిసింది, పొంగింది. గుంట ఉబ్బి ఉబ్బి ఢామ్మని పగిలింది.

"ఇకనుంచి ఎవరి పొట్ట వాళ్లదే" అని చాటింది పులి, ఎన్నాళ్లనుంచో అదే ఆలోచనలో ఉన్నట్టు. పుల్లనీళ్లలో పెద్ద వాటా, ఒక పొట్టి పేగు ముక్క తీసుకుని మింగేసింది. "నాకిది చాలు. బరువులు మోస్తూ నేను పరిగెత్తలేను."

ఎవరికీ అక్కర్లేని పేగు చుట్టలూ, గుంట పగిలి సంచుల్లా మిగిలిన నాలుగు ముక్కలూ, అడుగున మిగిలిన కాసిని పుల్లనీళ్లూ గేదె తీసుకుంది. తర్వాత గుంట అంచుకు వెళ్లి, అక్కడ వణుకుతున్న వంటవాళ్లను పలకరించింది.

"నా కడుపులో ఉంటారా? పెద్ద సంచి మీకే ఇస్తాను. పుల్లనీళ్లు చివరి సంచిలో పెట్టుకుంటాను, మీ జోలికి రావు."

వంటవాళ్లలో ముసలమ్మ ముందుకొచ్చింది. "ఉంటామమ్మా. కానీ నువ్వు పులి భయంతో గబగబా మింగేస్తావు. ముదురు పోచలు మావల్ల కావు. నలగనిది తిరిగి నీ నోటికే పంపిస్తాం. మళ్లీ నమిలి పంపాలి. సరేనా?"

"ఛీ, ఛీ!" గుర్రం ముక్కు పుటాలు ఎగరేసింది. "ఒకసారి మింగింది మళ్లీ నోట్లోకా? ఎంగిలి! మా వంశంలో ఇలాంటివి లేవమ్మా."

పులి పగలబడి నవ్వింది. "ఎంగిలి మొహందానా!"

గేదెకు ఒళ్లు మండింది. "నిన్నటిదాకా నక్క ఉమ్మినదీ, పంది ఉమ్మినదీ కలిపి జుర్రుకుని తాగారు. అప్పుడు రాని రోత, నా నోటిది నేను నములుకుంటానంటే వచ్చిందా? ఇంతకీ నువ్వేం చేస్తావు గుర్రం బావా?"

"నేనూ కొందరు వంటవాళ్లను పెట్టుకుంటాను. కానీ వెనకవైపున, ఎవరికీ కనపడకుండా" అంది గుర్రం గొప్పగా.

అలాగే పెట్టుకుంది. గడ్డి పొట్టంతా దాటి వాళ్ల దగ్గరికి చేరేసరికే ఆలస్యమయ్యేది. వాళ్లు సగం పనైనా పూర్తి చేయకముందే బయటికి పోయేది. మర్నాడు గుర్రం వేసిన లద్దెనిండా గడ్డిపోచలు పోచలుగానే ఉన్నాయి.

"నీ గౌరవం కింద పడింది, చూసుకో బావా" అంది గేదె.

గేదె మాత్రం నీడలో పడుకుని, లోపలినుంచి వచ్చిన ప్రతి ముద్దనూ మెత్తగా నమిలి పంపింది. నక్కలు వెక్కిరించాయి. కోతులు చెట్లమీదినుంచి దవడలు ఆడించి చూపించాయి. గేదె కళ్లు సగం మూసుకుని నములుతూనే ఉంది. పొదుగు నిండింది. దూడ వచ్చి కుమ్మింది. ఈసారి దాని మూతినిండా నురుగు.

అప్పటినుంచే పులి పేగు పొట్టి, గేదె పేగు పొడుగు. గుర్రం లద్దెలో ఇప్పటికీ పోచలు కనపడతాయి. ఎవరేమన్నా నెమరు మానకూడదని గేదె ఆ రోజే అనుకుంది. మానలేదు. నడిరోడ్డు మీద పడుకుని నెమరేస్తోందంటే, లారీవాడు ఎంత హారన్ కొట్టినా సరే, నోట్లో ముద్ద అయ్యేదాకా లేవదు.