తగలని దెబ్బ

“గురువుగారూ, మల్లజాతి జీవాల్లో అన్నిటికన్నా గొప్పది ఏదండీ?” అని శేషారత్నం అడిగింది.

అడిగీ అడగ్గానే గదిలో మాటలు ఆగిపోయాయి. పక్కన కూర్చున్న వరహాలు తల తిప్పి ఆమె వంక చూశాడు. మిగిలినవాళ్ళు చేతుల్లోని వీడియో ఆటపెట్టెల్లోకి తలలు దించుకున్నారు. ఏం జరిగిందో ఆమెకు తెలియలేదు గాని, ఏదో జరిగిందన్న సంగతి మాత్రం ముందుగా ఒంటికి తెలిసింది.

అది అనకాపల్లి బెల్లం బజారులో ఒక కొట్టు మీది గది. కొత్త బెల్లం వాసన మెట్లెక్కి పైకి వచ్చేది, దాని వెంటే చీమలూ వచ్చేవి. నూకరాజు ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్కడ ఆట నేర్పేవాడు. ఒకప్పుడు కుస్తీలు పట్టిన మనిషి. మోకాలు విరిగి మంచాన పడి ఉన్న రోజుల్లో ఎవరో తెచ్చి చేతిలో పెట్టిన వీడియో ఆట అతన్ని ఇంకో రకం గోదాలోకి దింపింది. ఆ ఆటలో అడవులూ కొండలూ తిరిగి వింత జీవాలను పట్టుకోవాలి, సాకాలి, ఎదుటివాడి జీవాల మీదికి పోరుకు పంపాలి. వాటిలో అగ్గిజాతి ఉంది, నీటిజాతి ఉంది, దయ్యపుజాతి ఉంది. నిప్పూ విషమూ ఏమీ లేక, ఒట్టి కాళ్ళతో చేతులతో తలపడేది మల్లజాతి. ప్రతి జీవానికీ నాలుగే విద్యలు. అయిదోది రావాలంటే ఉన్నవాటిలో ఒకటి మరిచిపోవాలి. తెర మీద వచ్చేదంతా ఇంగ్లీషు కనుక ఆ గదిలోవాళ్ళు జీవాలకూ విద్యలకూ తమ తెలుగు పేర్లు పెట్టుకున్నారు.

మల్లజాతిలో గొప్పది ఏదన్నది ఆ గదిలో ప్రతివారమూ తగవే. రెండు కాళ్ళ మీద నిలబడే పొట్టేలుమల్లు ఒక్క తలదెబ్బతో కొండనైనా కూలుస్తాడని బెల్లం తూకాలు వేసే వరహాలు అంటాడు. పొడుగు కాళ్ళతో తన్నే మునగకాలుకు సాటి లేదని ఇంకొకరు. డెక్కలు బిగించి గుద్దే రాతిపీతే అసలు మొనగాడని మరొకరు. నూకరాజు అందరి మాటా వినేవాడు, తీర్పు చెప్పేవాడు కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే నోటితో జవాబివ్వడం అతని అలవాటు కాదు. అడిగినవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక ఆట ఆడేవాడు.

“పోయిన ఆదోరం కూడా ఇదే అడిగేరు గదా పిన్నిగారూ,” అన్నాడు వరహాలు. “ఇదే మాట, ఇదే కుర్చీలో కూకుని.”

పోయిన ఆదివారాన్ని శేషారత్నం తలలో వెతికింది. వర్షం పడ్డట్టు గుర్తు. గొడుగు ఎవరిదో. ఆ తర్వాత ఏమీ లేదు.

“అడిగాను. అయితే ఏం?” అంది. “ఆయన చెప్పలేదు గనక మళ్ళీ అడిగాను. నువ్వు మాత్రం బెల్లం దిమ్మ ఒక్కసారే తూస్తావా? రైతు చూడకుండా ఒకసారి, చూస్తుండగా ఒకసారి!”

అందరూ గొల్లుమన్నారు. వరహాలు కూడా నవ్వి, “అయ్యబాబోయ్, నాకెందుకొచ్చిన గొడవ,” అని చెంపలు వేసుకున్నాడు. ఆమె కూడా నవ్వింది. పమిట కింద చేతులు మాత్రం చల్లబడిపోయాయి. ఇలా మాటతో కప్పేసుకోవడం ఆమెకు ఈ మధ్య బాగా అలవాటైంది. ఎంత బాగా అలవాటైందో తలుచుకుంటే ఇంకా భయం వేసేది.

టెలిఫోను ఎక్స్చేంజీలో ఆపరేటరుగా పనిచేసినన్నాళ్ళూ ఆమె నంబర్ల పుస్తకం తెరవలేదు. ఊళ్ళో ఎవరి పేరు చెప్పినా నంబరు నాలుక కంటే ముందు వేళ్ళకు తట్టేది. అలాంటి మనిషి మొన్న బజారు నుంచి వస్తూ రైలుగేటు దగ్గర నిలబడిపోయింది. రైలు పోయింది. గేటు లేచింది. ఇల్లు పట్టాలకు అటువైపా ఇటువైపా అన్నది తోచలేదు. ఎవరికోసమో చూస్తున్నట్టు నటిస్తూ నిలబడింది. ఇంకో రైలు కూడా పోయింది. “గేటు తీసేసేనమ్మా, ఎల్లండి,” అని గేటుమాను అంటే తల ఊపింది గాని అడుగు వెయ్యలేదు. చివరికి తమ వీధిలో కరివేపాకు అమ్మే ఆమె గంపతో కనబడితే, ఆ గంపను చూసుకుంటూ వెనకాలే నడిచి ఇల్లు చేరింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోయినా, ఒకే ఇంట్లో ఉండే చెల్లెలు పేరిందేవికి కళ్ళున్నాయి. పప్పులో రెండుసార్లు ఉప్పు పడిన రోజున ఆవిడ ఏమీ అనకుండా విశాఖపట్నంలో డాక్టరు దగ్గర సోమవారానికి టోకెను తీయించింది. “నాకేం రోగం? నువ్వే వెళ్ళి చూపించుకో,” అని శేషారత్నం కంచం తోసేసింది. రోగం కంటే ఆమె భయమంతా దాని పేరు మీద. అక్కడికి వెళితే దానికి ఒక పేరు పెడతారు. పేరు పెట్టేదాకా అది ఒట్టి పరధ్యానమే. పెట్టిన తర్వాత ఇంట్లో మూడో మనిషిలా కాపురం ఉంటుంది.

ఆ ప్రశ్న కూడా భయంలోంచి పుట్టిందే. పోరుకు ఆరు జీవాలను వెంట తీసుకుపోవచ్చు గాని, ఆరింటి విద్యలూ ఇప్పుడామె తలలో నిలవడం లేదు. గొప్పది ఒక్కటి దొరికితే చాలు, దాని వెనక దాక్కోవచ్చు అనుకుంది.

నూకరాజు నవ్వనివాడు ఒక్కడే. అతను ఆమెనే చూస్తున్నాడు.

“ఏదీ, ఇలాగ ఎదురుగా కూకోండమ్మా,” అన్నాడు. “మీ ఉడుమును దింపండి.”

ఆమె దగ్గర ఉన్న మల్లజాతి జీవం ఉడుము. బారెడు తోక, పొట్టి చేతులు, పట్టిందంటే వదలదు. దానికామె, ఎక్స్చేంజీలో తను దూరపు ఊళ్ళకు కలిపిన పిలుపుల పేరే, ట్రంకాల్ అని పెట్టుకుంది. పేరిందేవి ఆ సంగతి విని, “జీవాలంటే మేకలనుకున్నాను, ఇదేమిటే తల్లీ, ఉడుమును పెంచుతున్నావా!” అని మూడు రోజులు నవ్వింది. ట్రంకాల్ విద్యలు కొండపిండి, ఉడుంపట్టు, తోకదెబ్బ, గుర్తుపట్టు. మొదటి మూడూ ఎముకలు విరిచేవి. నాలుగోది కొట్టదు, కరవదు, ఎదుట ఉన్నదాన్ని చూస్తుంది, అంతే. “దండగ పిన్నిగారూ, తీసి పారేసి ఇంకో గుద్దు నేర్పండి,” అని వరహాలు పోరుతూనే ఉన్నాడు. ఆమె ఆ పనికి పూనుకున్నప్పుడల్లా తెర మీద “ఏది మరిచిపోవాలి?” అని వచ్చేది. ఆ మాట కింద వేలు ఆనించలేక ఆమె వెనక్కి వచ్చేసేది. అందుకని ట్రంకాల్ కొత్త విద్య ఏదీ నేర్వలేదు.

నూకరాజు తన జీవాన్ని దింపాడు. తెర మసకబారింది. ఆరవేసిన చీర లాంటిదేదో నిలబడి ఉంది. గాలి లేకపోయినా కదులుతోంది. ముఖం లేదు. పేరు ఉండవలసిన చోట ఖాళీ.

“మల్లుడి మీదకి దయ్యాన్ని దింపేరేటి గురువుగారూ!” వరహాలు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “మల్లుడి దెబ్బ దయ్యానికి తగల్దు గదా!”

“నువ్వూరుకో.”

శేషారత్నం కొండపిండి నొక్కింది. ట్రంకాల్ ఎగిరి పిడికిలి విసిరింది. పిడికిలి చీరలోంచి దూరి అవతలికి పోయింది. తగలలేదని తెర చెప్పింది. చీర అంచు మెల్లగా లేచి ఉడుము నుదుటిని నిమిరి వెళ్ళింది. తెర అడుగున నాలుగు గళ్ళుంటాయి, విద్యల పేర్లతో. అందులో కొండపిండి గడి ఖాళీ అయిపోయింది.

“ఇదేమిటండీ? దాని పేరేదీ?”

“అది మీరు వాడిన విద్యను మింగేస్తాదమ్మా. ఆడండి.”

ఆమె ఉడుంపట్టు నొక్కింది. ట్రంకాల్ చేతులు గాలిని పట్టుకున్నాయి. చీర మళ్ళీ నిమిరింది. ఉడుంపట్టు పోయింది. ఆగుదామనుకుంటూనే, ఆగలేక, తోకదెబ్బ నొక్కింది. అదీ పోయింది. ఇప్పుడు మూడు గళ్ళు ఖాళీ. వాటిలో ఏమేం ఉండేవో ఈ క్షణంలో తనకు గుర్తున్నాయా అని చూసుకోబోయి, భయపడి మానేసింది. ఆ ఖాళీ గళ్ళు ఆమెకు ఆటలోవిలా కనిపించడం లేదు. ఎవరో తన తల విప్పి అందరికీ చూపిస్తున్నట్టుంది. లేచి వెళ్ళిపోవాలనిపించింది. లేచి ఎటు వెళ్ళాలో తెలియకపోతే? అనుకునేసరికి కూర్చున్న చోటే బిగుసుకుపోయింది.

మిగిలింది గుర్తుపట్టు ఒక్కటే. చీర నిమిరినప్పుడల్లా తరిగిన ట్రంకాల్ ప్రాణం అడుగంటుతోంది. దెబ్బ కొట్టకుండా చూస్తూ నిలబడడమంటే ఒక దెబ్బ ఊరికే తినడం.

“నొక్కక తప్పదాండీ?”

“మీ ఇష్టమమ్మా. ఆట ఆపెయ్యమంటే ఆపేస్తాను.”

ఆమె కళ్ళు మూసుకుని నొక్కింది. మెల్లగా తెరిచి చూసింది. ట్రంకాల్ చేయి ఎత్తలేదు, తోక విసరలేదు. ఆ చీర దగ్గరికి, ఇంకా దగ్గరికి నడిచి, మెడ సాచి, తేరిపార చూసింది. కదులుతున్న చీర కదలడం మానేసింది. ఖాళీగా ఉన్న చోట అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. దానికి గదిలోవాళ్ళు పెట్టుకున్న తెలుగు పేరును వరహాలు పైకి అన్నాడు.

“మసకమ్మ! ఓస్, మసకమ్మేటి?”

దాని పేరు అంతేనా అనుకుంది శేషారత్నం. వీధిలో ఎవరినైనా పిలిచే పేరులా ఉంది. భయం పోలేదు. కాని ఇందాక గదంతా నిండి ఉన్న భయం ఇప్పుడు ఒకచోట, ఆ చీరంత మేర నిలబడి ఉంది.

చీర అంచు లేచింది. నాలుగో గడి కూడా ఖాళీ అయింది. ట్రంకాల్ దగ్గర ఇక ఏ విద్యా లేదు. ఆమె అయినా బొత్తాం నొక్కింది. విద్యలన్నీ అయిపోయిన జీవం ఒట్టి చేతులతో పెనుగులాడుతుంది. అది ముందుకు పడి, తూలి, ఉత్త అరచేత్తో ఒకటి కొట్టింది.

తగిలింది.

మసకమ్మ ప్రాణం గోరంత తరిగింది. వరహాలు “అబ్బో! గుర్తుపట్టేక దయ్యానికీ దెబ్బ తగుల్తాదేటి!” అంటూ లేచి నిలబడ్డాడు. ఆ మరుసటి దెబ్బకు ట్రంకాల్ వెల్లకిలా పడిపోయింది. తెర నల్లబడింది.

శేషారత్నం చాలాసేపు ఆ నల్లటి తెరనే చూసింది. అందులో ఆమె ముఖం కనబడుతోంది.

“నూకరాజుగారూ, ఆ ప్రశ్న నేను ఇదివరకు ఎన్నిసార్లు అడిగానండీ?”

వరహాలు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నూకరాజు తిప్పుకోలేదు.

“ఇది నాలుగోసారమ్మా.”

“మరి చెప్పలేదేం?”

“ఎన్నిసార్లన్న మాట మీరెప్పుడూ అడగలేదు గదమ్మా.”

ఆమె సంచిలోంచి ఫోను తీసింది. చెల్లెలి నంబరు వేళ్ళకు తట్టింది. తట్టినందుకు ఒకసారి కళ్ళు మూసుకుంది.

“పేరీ, సోమవారం బండి ఎన్నింటికన్నావ్?”

“ఏ బండి?” అవతల పేరిందేవి గొంతు గదిలో అందరికీ వినబడింది. “విశాఖపట్నానికా? చచ్చినా రానని కంచం తోసేశావు గదే!”

“వస్తాను. అక్కడ రైలుగేటు సంగతి కూడా చెబుతాను.”

“రైలుగేటా? ఏం జరిగింది? అక్కా, ఏ సంగతి?”

“ఇంటికొచ్చాక చెబుతాను. కాదు, దారిలో చెబుతాను. నువ్వు ఇక్కడికి రా, పేరీ. వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్ళు.”

అవతల చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు వినబడింది.

శేషారత్నం వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి, వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూస్తోంది. ఏ వైపు నుంచి చెల్లెలు వస్తుందో ఆమెకు తెలియదు. అందుకని రెండు వైపులా చూస్తోంది.

వరహాలు గురువు దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

“ఎలా చూసినా ఓడిపోయినట్టే గదండీ గురువుగారూ?”

నూకరాజు ఆటపెట్టె తీగను చేతికి చుట్టుకుంటూ కిటికీ వైపు చూశాడు.

“ఓడిపోయింది,” అన్నాడు. “తగిలింది కూడాను.”