తొమ్మిదో బండి

తవిటయ్య మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ఈ సంగతి తెలియని రోజుల్లో మా ప్రెసిడెంటు లింగంనాయుడు వెళ్లి, పొలానికి ఏ మోటారు కొంటే మంచిదని అడిగాడు. మాస్టారు అతని చేతికి స్పానర్లిచ్చి, ఉన్న మోటారు విప్పమన్నారు. లింగంనాయుడు మధ్యాహ్నం దాకా విప్పి, మళ్లీ బిగించి, తెల్లచొక్కా నిండా గ్రీజుతో ఇంటికొచ్చి, పాతదే బాగుందని చెప్పాడు. ప్రెసిడెంటుగా అతను స్వయంగా చేసిన పని అదొక్కటేనని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మాస్టారు పదిహేనేళ్లు మిలటరీలో బళ్లు బాగుచేశారు. తరవాత ఇరవై ఆరేళ్లు టౌనులో పాలిటెక్నిక్ కాలేజీ వర్క్‌షాపులో పాఠం చెప్పి, రిటైరై మా ఊరొచ్చేశారు. భార్య అప్పటికే పోయింది, పిల్లలు లేరు. కాలేజీలో ఆయనకు పిసినారి అని పేరు. ఆకురాయితో ఎంత నున్నగా రాసిన ఇనపముక్క చూపించినా ఇరవైకి పంతొమ్మిదే వేసేవారు. ఆ ఒక్కటీ ఏదని అడిగితే, "అది నేను చూడనిదానికి" అనేవారు. ఆ మాట అర్థంకాక విద్యార్థులు, అర్థమైనట్టు తలూపుతూ ప్రిన్సిపాళ్లు, ఇరవై ఆరేళ్లు గడిపారు.

ఆయన శిష్యుల్లో మా ఊరివాడు దాలినాయుడు. మూడేళ్ల చదువు ఐదేళ్లు చదివి, డిప్లొమా తప్ప మిగతావన్నీ తెచ్చుకున్నాడు. మా లైన్‌మేన్‌కి ఎత్తంటే భయం. అందువల్ల స్తంభాలెక్కడానికి ఇద్దరు ప్రైవేటు హెల్పర్లను పెట్టుకున్నాడు. ఒకడు దాలినాయుడు, రెండోవాడు అసిరయ్య. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజులు పీకినవాడు వాటిని తన జేబులో వేసుకునే స్తంభం ఎక్కాలని మాస్టారు నేర్పిన పద్ధతి. ఒకరోజు అసిరయ్య వాటిని దిమ్మ మీద పెట్టి ఎక్కాడు. కాసేపటికి రైసుమిల్లు నుంచి ఎవరో వచ్చి, పని అయిపోయిందట, కరెంటు ఇచ్చెయ్యమన్నారు. దాలినాయుడు తలెత్తి చూడకుండా ఫ్యూజులు పెట్టేశాడు. అసిరయ్య స్తంభం మీదే పోయాడు. విచారణకు వచ్చినవాళ్లు స్తంభం తడిసి ఉందని రాసుకుని వెళ్లారు. దాలినాయుడు ఔననలేదు, కాదనలేదు.

అప్పట్నుంచి అతను అసిరయ్య ఇంటి ముందునుంచి నడవడం మానేసి, గట్ల మీదుగా చుట్టూ తిరిగి పోయేవాడు. మేము దానికి అప్పులు కారణమనుకున్నాం. ఆరు నెలలకి అసిరయ్య భార్య పోలమ్మ గట్టు మీదికే వచ్చి, మొగుడి కటింగ్ ప్లేయరు అతని చేతిలో పెట్టింది. "నీకాడుంటే ఆడికాడున్నట్టే గదా అన్నియ్యా" అంది. దాలినాయుడు అక్కణ్నుంచి తిన్నగా మాస్టారి ఇంటికి వెళ్లి, జరిగినదంతా మొదటిసారి నోటితో చెప్పాడు.

"పోలమ్మకి చెప్పీమంటారా, వొద్దంటారా మాస్టారూ?"

మాస్టారు ఈసారి చేతికి ఏ పనిముట్టూ ఇవ్వలేదు. "ఎల్లుండి పొద్దున్న బస్సుకి రా" అన్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాస్టారు ఏటా మార్గశిరంలో ఒకరోజు జీడివలస వెళ్లి సాయంత్రానికి వచ్చేవారు. ఎందుకో ఎవరికీ చెప్పేవారు కారు. దీనిమీద మా ఊళ్లో రెండు పార్టీలు ఉండేవి. అక్కడ ఆయనకు భూమి ఉందని ఒక పార్టీ, చిన్నిల్లు ఉందని ఇంకో పార్టీ. దాలినాయుడు రెండో పార్టీవాడు. బస్సులో రెండు గంటలూ దుఃఖం మధ్యలో కూడా, ఆవిడ ఎలా ఉంటుందోనని ఆలోచించానని తరవాత ఒప్పుకున్నాడు.

ఆవిడకు తొంభై ఏళ్లు. పేరు బంగారమ్మ. గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి ఉంది. లోపల గోడమీద మిలటరీ టోపీ పెట్టుకున్న కుర్రవాడి ఫోటో ఉంది. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు, పేరు సన్యాసి. మాస్టారి యూనిట్‌లోనే డ్రైవరు, డెబ్బై ఒకటి యుద్ధంలో లారీ లోయలో పడి పోయాడు.

"ఒచ్చీసినావా తవిటీ! ఈడెవుడు?"

"నా దగ్గర చదివినవాడమ్మా."

"చదువు చెప్పినావు గానీ కూడెట్టలేదేటి? గాలేస్తే ఎగిరిపోయీలాగున్నాడు."

మాస్టారు నవ్వకుండా సంచీలోంచి పనిముట్లు తీసి, వదులైన తలుపు గొళ్లెం బిగించారు. బోరింగు హేండిల్‌కి నూనె వేశారు. నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో పాడవడానికి భయపడే వస్తువు లేదని, ఎలాగూ మార్గశిరంలో మనిషి వస్తాడని బంగారమ్మ మనవరాలు వరస పిల్ల చెప్పింది. ఏడాదంతా ఆ పిల్లే వండుతుంది. ఆ ఒక్కరోజూ ముసలమ్మ పొయ్యి దగ్గరికి ఎవరినీ రానివ్వదు.

ఇద్దరికీ విస్తళ్లు వేసింది. అన్నం పెట్టి, వంకాయ పులుసు పోసింది. మాస్టారు అన్నంలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయారు. దాలినాయుడి వైపు ఒకసారి చూసి, ముసలమ్మ వైపు తిరిగారు.

"అమ్మా, ఆ రోజు నేను తొమ్మిది బళ్లు చూడాలి. ఎనిమిదింటిని తోలి చూశాను. అన్నం వచ్చిందని పిలిచారు. ఆకలేసి తొమ్మిదోదాన్ని చూడకుండానే బాగుందని సంతకం పెట్టేశాను. సన్యాసి తోలింది ఆ బండే. దారి జారుడుగా ఉందని రాశారు. జారుడు లేదమ్మా. బ్రేకు పడలేదు."

ఆవిడ గరిటెలో ఉన్న పులుసు మాస్టారి విస్తట్లో పోసేసింది. "ఎరుగుదును" అంది.

మాస్టారు అన్నంలోంచి చెయ్యి తీసేశారు.

"నువ్వు రాడం మొదలెట్టిన రెండో ఏడే, మీతో పన్జేసినాయన ఇలాగొచ్చి చెప్పినాడు. ఆయేడు నువ్వొస్తే గుమ్మం ఎక్కనీకూడదనుకున్నాను. కర్ర కూడా దగ్గరెట్టుకున్నాను. నువ్వొచ్చి, నన్నేటీ అడక్కుండా, ఇరిగిపోయిన మంచం కోడు బాగుచేస్తా కూకున్నావు."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదమ్మా?"

"అడిగితే నువ్వేడుస్తావు, నాను తిడతాను. తిట్టించుకున్నోడివి మరెందుకొస్తావు? సన్నాసిని ఎరిగినోళ్లందరూ పోనారు. నువ్వు కూడా రాకపోతే ఆడి పేరు ఎవుడి దగ్గర ఎత్తాలి నాను?"

గరిటె గిన్నెలో పెట్టి అడిగింది. "ఇప్పుడు చెప్పీసినావు గదా. మరింక రావేటి?"

"వస్తానమ్మా."

"అయితే తిను. సల్లారిపోతంది."

మాస్టారు మాట ఇచ్చారు గానీ మళ్లీ మార్గశిరం చూడలేదు. చైత్రంలో ఒక పొద్దున్న మంచం మీదే పోయి ఉన్నారు. సంస్మరణ సభ స్కూలు ఆవరణలో ఘనంగా జరిగింది. ఫ్లెక్సీలో మాస్టారి వెనక యుద్ధ ట్యాంకు వేయించారు. ఆయన జన్మలో ట్యాంకు ఎక్కలేదు, లారీల కింద పడుకున్నారు. పక్కన లింగంనాయుడి ఫోటో మాస్టారి ఫోటో కన్నా పెద్దది. దూరపు ఊళ్లవాళ్లు పోయింది లింగంనాయుడనుకుని కళ్లు తుడుచుకుని, కాదని తెలిసి మళ్లీ తుడుచుకున్నారు. ఒక రిటైర్డు హెడ్మాస్టరు మాస్టారి గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. అందులో ముప్ఫై ఐదు తన గురించి.

చివర్న దాలినాయుడు లేచాడు. ఇప్పటిదాకా నేను చెప్పినదంతా అతను ఆ మైకులో చెప్పిందే. ఫ్యూజుల సంగతి దగ్గరికి వచ్చేసరికి మేమందరం మొదటి వరసలో కూర్చున్న పోలమ్మ మొహంలోకి చూశాం. ఆ మొహంలో ఏమీ మారలేదు. ఆవిడకు అది కొత్త సంగతి కాదని అప్పుడర్థమైంది. అతను ముందే ఆ గుమ్మం ఎక్కి చెప్పుకున్నాడన్నమాట. ఎప్పుడు చెప్పాడో, ఆవిడ ఏమందో, ఊళ్లో అందరి ఇళ్ల సంగతులూ తెలిసిన మాకు కూడా తెలియలేదు. ఆ తరవాత పోలమ్మ అతన్ని అన్నియ్యా అని పిలవగా ఎవరూ వినలేదు. కటింగ్ ప్లేయరు మాత్రం తిరిగి అడగలేదు.

మార్గశిరంలో జీడివలస బస్సుకి ఇప్పుడు దాలినాయుడు వెళ్తున్నాడు. మాస్టారు పోయారని ముసలమ్మకి చెప్పాడు. వెళ్లిన మొదటిసారే చెప్పాడు, భోజనానికి కూర్చోకముందే.

మాస్టారితో జీడివలస నుంచి తిరిగొచ్చిన సాయంత్రం మాట అతను మైకులో అన్నిటికన్నా ఆఖర్న చెప్పాడు. బస్సులో పక్కపక్కన కూర్చున్నారు. సగం దారి వచ్చాక దాలినాయుడు ఉండబట్టలేక అడిగాడట.

"ఆవిడికి ముందే తెలుసు గదా మాస్టారూ. మరింక మీరు చెప్పి ఏటి లాభం?"

మాస్టారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

"నలభై ఏళ్లు ఆవిడ చేతి అన్నం తిన్నానురా. పులుసులో ఉప్పు ఎక్కువ వేస్తుందని ఇవాళే తెలిసింది."