నూకాలు అడిగిన చదివింపులు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వెదురు పొద పక్కన, కాస్త మెరక నేలలో, అచ్చియ్యమ్మ అనే ఎలుక బొరియ తవ్వుకుని ఉండేది. భర్త పోయాడు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు, పేరు నూకాలు. ఆ నూకాలుకి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు వాగు అవతలి ఎలుక, అప్పన్న. నెమ్మదస్తుడు, మాట తక్కువ, పళ్ళు గట్టివి. ఎలుకల్లో ఇంతకన్నా మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

ఆ అడవిలో పెళ్ళంటే చదివింపులే. తలంబ్రాలు అయ్యాయో లేదో, గోరింక ఒక ఎత్తైన కొమ్మ ఎక్కేది. ఎవరు ఏమిచ్చారో అడవంతా వినపడేలా అరిచి చెప్పేది. ఇవ్వాల్సినవి ఏమిటో పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. ఈతాకు చాప, కుంకుడుకాయ డొల్లతో చేసిన చెంబు, గురివింద గింజల దండ. ఈ మూడింట్లో ఏదో ఒకటి ఇవ్వాలి. నాలుగోది ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పెళ్ళికి వచ్చిన వస్తువు ఏడాది తిరిగేదాకా ఆ ఇల్లు దాటకూడదు. ఒకరికి ఇవ్వకూడదు, పారెయ్యకూడదు. ఎందుకని అడిగితే "అంతే" అనేవాళ్ళు పెద్దలు. మీ ఇంట్లో కూడా కొన్ని ప్రశ్నలకి ఇదే జవాబు వస్తుంది కదూ.

అచ్చియ్యమ్మకి చదివింపులంటే ప్రాణం. దానికి కారణం ఉంది. ఆమె పెళ్ళినాడు జోరున వాన. చుట్టాలు రాలేకపోయారు. గోరింక ఒక్క గుక్కలో చదివింపులన్నీ చదివేసి కొమ్మ దిగిపోయింది. ఆ మాట పట్టుకుని అత్తగారు బతికున్నంత కాలం ఎత్తిపొడిచింది. అందుకే అచ్చియ్యమ్మ కూతురు పుట్టిన రోజునే అనుకుంది: "నా పిల్ల పెళ్ళికి గోరింక గొంతు బొంగురుపోవాలి."

పెళ్ళి దగ్గరపడింది. నూకాలు స్వయంగా పిలుపులకి వెళ్ళింది. అందరినీ పిలిచి, చీకటి పడకముందే నవ్వుకుంటూ ఇంటికొచ్చింది. అచ్చియ్యమ్మ ఏమీ అనుమానించలేదు.

మర్నాడు పొద్దున్నే ముళ్ళపంది వచ్చి గుమ్మం బయట తచ్చాడింది.

"చెల్లెమ్మా, ఒక మాట. మీ అమ్మాయి పిలుపుకి వచ్చింది కదా. చాప వద్దు మామయ్యా అంది."

"చెంబు అడిగిందా అన్నయ్యగారూ?"

"చెంబూ వద్దంది. కొత్త ఇంటికి పెరటి దారి ఇరుగ్గా ఉందట. నీ గోళ్ళు పెద్దవి కదా మామయ్యా, ఒక పూట వచ్చి ఆ దారి వెడల్పు చేసిపెట్టు, అదే నాకు చదివింపు అంది."

అచ్చియ్యమ్మ అదిరిపడింది. పెళ్ళికి పిలిచిన చుట్టాన్ని పట్టుకుని మట్టి తవ్వమంటుందా? గబుక్కున బయటికొచ్చి అంది.

"చిన్నపిల్ల, తెలియక వాగింది. మీరు పట్టించుకోకండి. శుభ్రంగా ఒక చాప తెచ్చి చదివించండి. ఈ సంగతి మాత్రం దానితో అనొద్దు."

ముళ్ళపంది తల గోక్కుంది. తవ్వడమంటే దానికి సరదా. చాప కోసం ఈత చెట్లెక్కడున్నాయో వెతుక్కోవాలి. అయినా పెళ్ళికూతురి తల్లి మాట కాదనలేక సరేనని వెళ్ళింది.

అది అటు వెళ్ళగానే ఉడత గెంతుకుంటూ వచ్చింది.

"వదినా, మీ నూకాలు ఏమందో విన్నావా? వాళ్ళ గుమ్మం పైన మద్ది చెట్టుందట. పూటకోసారి ఆ చెట్టెక్కి నాలుగు దిక్కులూ చూసి, పాము కనిపిస్తే గట్టిగా అరవమంది. దండ వద్దట, చెంబు వద్దట. ఇదేం చోద్యం వదినా?"

ఈసారి అచ్చియ్యమ్మ చెవులు మూసుకుంది. పెళ్ళి మాటల్లో పాము మాటా? శుభమా అని పెళ్ళి చేసుకుంటూ ఎవరైనా పాము పేరెత్తుతారా?

"వదినా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ మాట ఎవరితోనూ అనకు. నువ్వు గురివింద దండ తీసుకురా. ఎర్రగా, పొడుగ్గా ఉండాలి."

మూడోవాడు తాబేలు తాత. ఆయన పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరాడు.

"అమ్మాయ్, నీ కూతురు భలే పిల్లే. మొదటి వానకి వాళ్ళింటికి వచ్చి కూర్చోమంది. నీళ్ళు ఎటు నుంచి లోపలికొస్తాయో చూసి చెప్పాలట. నా పెళ్ళి దగ్గర్నుంచీ చూస్తున్నాను, నన్ను ఇంత పనికొచ్చే మాట అడిగినవాళ్ళు లేరు. తప్పకుండా వస్తాను."

"రావద్దు తాతా," అంది అచ్చియ్యమ్మ.

తాబేలు మెడ సగం లోపలికి పోయింది. ఆయన వయసులో ఎవరూ ఆయన్ని అలా అనలేదు.

"రావద్దంటే, ఊరికే రావద్దని. ఒక చెంబు తెచ్చుకో తాతా. గోరింక కొమ్మెక్కి 'తాబేలు తాతగారు, మొదటి వానకి కూర్చుంటారు' అని చదివితే అడవంతా నవ్వదూ? మా వియ్యపురాలు నన్ను బతకనిస్తుందా?"

తాబేలు తాత ఆమె ముఖంలోకి చూశాడు. "పెళ్ళి నీదా, నీ కూతురిదా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మెల్లగా వెనుదిరిగాడు.

అచ్చియ్యమ్మ ఊరుకోలేదు. పిలుపు అందిన ప్రతి గడపకీ కూతురికి తెలియకుండా వెళ్ళింది. అందరికీ అదే మాట చెప్పింది.

పెళ్ళి జరిగింది. గోరింక కొమ్మెక్కింది. "ముళ్ళపందిగారి చదివింపులు, ఈతాకు చాప. ఉడతమ్మగారి చదివింపులు, గురివింద దండ. తాబేలు తాతగారి చదివింపులు, కుంకుడుకాయ చెంబు. కుందేలుగారి చదివింపులు, ఈతాకు చాప..." చదివింది, చదివింది, మధ్యలో దిగి నీళ్ళు తాగొచ్చి మళ్ళీ చదివింది. ఆఖరికి దాని గొంతు బొంగురుపోయింది. అచ్చియ్యమ్మ వియ్యపురాలి వైపు చూసింది. వియ్యపురాలు నోరు తెరిచి వింటోంది. అచ్చియ్యమ్మ కడుపు నిండిపోయింది.

నూకాలు మాత్రం ఒక్కో పేరూ వినపడినప్పుడల్లా తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది. పెళ్ళికూతురు తల దించుకుంటే సిగ్గనుకుంటారు. తల్లీ అలాగే అనుకుంది.

పెళ్ళయిన వారానికి అచ్చియ్యమ్మ కూతురి కాపురం చూడ్డానికి వాగు దాటి వెళ్ళింది. లోపల అడుగు పెట్టే చోటు లేదు. ఎటు చూసినా చాపలు, చెంబులు. అప్పన్న ఒక చెంబు తట్టుకుని పడ్డాడు, పాపం ఏమీ అనకుండా లేచాడు.

"అమ్మా, కొన్ని బయట పెట్టేస్తానే," అంది నూకాలు.

"అపచారం," అంది అచ్చియ్యమ్మ. "ఏడాది దాటకుండా గడప దాటిస్తావా? ఇంత పొడుగు పెరటి దారి ఉంది కదా, అందులో సర్దెయ్. ఆ దారిన రోజూ ఎవరు నడుస్తారు గనక?"

అప్పన్న ఏదో అనబోయాడు. అత్తగారి ముఖం చూసి మానేశాడు. అచ్చియ్యమ్మే దగ్గరుండి చాపలన్నీ చుట్టలు చుట్టించి, పెరటి దారిలో ఒకదాని మీద ఒకటి దోపించింది. చెంబుల్నీ దండల్నీ సందుల్లో ఇరికించింది. ఇల్లు విశాలంగా కనిపించింది. తన పనితనానికి తానే మురిసిపోయి, నువ్వుగింజలు నాలుగు నోట్లో వేసుకుని ఇంటికెళ్ళిపోయింది.

పిల్లలూ, ఎలుక బొరియకి పెరటి దారి ఎందుకుంటుందో మీకు తెలుసు. అచ్చియ్యమ్మకీ తెలుసు. ఆ రోజు గుర్తు రాలేదు, అంతే.

మళ్ళీ ఒక రోజు పొద్దున కూతురికిష్టమని మాగిన రేగుపండు ఒకటి పట్టుకుని అచ్చియ్యమ్మ బయల్దేరింది. వాగు దాటింది. మద్ది చెట్టు కనిపించింది. చెట్టు కింద కూతురి గుమ్మం కనిపించింది. ఆ గుమ్మంలోకి జారిపోతున్న ఒక పొడవాటి తోక కనిపించింది.

జెర్రిపోతు.

రేగుపండు ఎక్కడ పడిపోయిందో ఆమెకి తెలియదు. చెట్టు వైపు చూసింది. చెట్టు మీద ఉడత లేదు. ఎందుకుంటుంది? వద్దన్నది తానే కదా.

పెరటి వైపు పరుగెత్తింది. ముందు నుంచి ఆపద వస్తే వెనక నుంచి బయటపడాలి. ఎలుక పిల్లకి కళ్ళు తెరవగానే నేర్పే మొదటి పాఠం అది. నూకాలుకి ఆ పాఠం నేర్పింది కూడా తానే. ఆ కన్నం దగ్గరికి చేరి తల లోపలికి దూర్చింది. ముక్కుకి చాప తగిలింది.

"నూకాలూ."

"అమ్మా," అని లోపల ఎక్కడి నుంచో సన్నగా వినిపించింది. "అమ్మా, దారి లేదమ్మా. పాము లోపలికొచ్చేసింది."

అచ్చియ్యమ్మ పళ్ళతో చాప పట్టుకుని లాగింది. అది కుందేలు ఇచ్చిన చాప. పెళ్ళిలో ఆ పేరు విని ఎంత పొంగిపోయిందో. దాన్ని ఈడ్చి అవతల పారేసింది. దాని వెనక ఇంకోటి. అది ముళ్ళపందిది, మందంగా, బిర్రుగా ఇరుక్కుంది. లాగితే రాలేదు. కొరికింది. చిగుళ్ళు చెక్కుకుపోయి నెత్తురు కారింది. కొరికి, చీల్చి, ముక్కలు బయటికి తోసింది. చెంబులు దొర్లుకుంటూ మీద పడ్డాయి. ఒక్కోదాన్ని ఎవరిచ్చారో ఆమెకి తెలుసు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇరుగుకీ పొరుగుకీ వరసగా అప్పజెప్పిన పేర్లే అవి. ఇప్పుడు ఒక్కో పేరూ అడ్డంగా నిలబడి కూతుర్ని బయటికి రానివ్వడం లేదు.

లోపల నూకాలు అటు నుంచి కొరుకుతోంది. ఆమె వెనక అప్పన్న వెనక్కాళ్ళతో మట్టి ఎగజిమ్ముతూ పాము కళ్ళలో కొడుతున్నాడు. బుస్సుమన్న శబ్దం దగ్గరైంది. ఇంకాస్త దగ్గరైంది. ఒక గురివింద దండలో తల ఇరుక్కున్నా అచ్చియ్యమ్మ ఆగలేదు. దండ తెగి గింజలన్నీ చెదిరిపోయాయి. ఆ సందులోంచి నూకాలు ముక్కు బయటికొచ్చింది. తల్లి ఆమె మెడ పట్టుకుని లాగేసింది. వెనకే అప్పన్న దూకాడు. దూకాడు గానీ, సగం తోక పాము నోట్లోనే ఉండిపోయింది.

పాము తల ఆ చాపల మధ్య ఇరుక్కుంది. కాసేపు గింజుకుని, వెనక్కి జారుకుని, వచ్చిన దారినే పోయింది.

ముగ్గురూ ముళ్ళకంప కింద దూరి కూర్చున్నారు. అప్పన్న మిగిలిన తోక నాక్కుంటున్నాడు. నూకాలు అంది.

"అమ్మా, ఒకటి అడగనా? నేను అందరినీ నోరు తెరిచి అడిగాను. దారి తవ్వమని అడిగాను, పాముని చూడమని అడిగాను. ఒక్కళ్ళూ ఎందుకు చెయ్యలేదే?"

అచ్చియ్యమ్మ నేల చూసింది. అబద్ధం చెప్పొచ్చు. కూతురు నమ్ముతుంది కూడా. కానీ నోట్లో ఇంకా నెత్తురు రుచి ఉంది.

"నేనే వద్దన్నాను," అంది. "గడప గడపకీ తిరిగి చెప్పాను."

నూకాలు ముఖం పాలిపోయింది. పాము వచ్చినప్పుడు కూడా ఆమె ముఖం అలా పాలిపోలేదు.

"నేనేమనుకున్నానో తెలుసా అమ్మా? నేనంటే ఎవరికీ పట్టదనుకున్నాను. మొన్న వాగు దగ్గర ముళ్ళపంది మామయ్య పలకరిస్తే ముఖం తిప్పుకుని వచ్చేశాను. తాబేలు తాత వస్తే ఇంట్లో ఉండి కూడా లేననిపించాను. ఇన్నాళ్ళూ నాకెవరూ లేరనుకుని ఏడ్చాను."

అచ్చియ్యమ్మకి అప్పుడు తెలిసింది. గోరింక చదివిన పేర్లు లెక్కపెట్టుకుంటూ, అదే పేర్లుగల వాళ్ళని కూతురికి లేకుండా చేసిందన్నమాట. పాము తీసుకెళ్ళింది సగం తోక. తాను తీసుకెళ్ళింది దానికన్నా ఎక్కువ.

ఆమె లేచి, వాగు దాటి, ముళ్ళపంది ఇంటికి వెళ్ళింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఉడతకి చెప్పింది. తాబేలు తాత ముందు తలవంచుకుని చెప్పింది. వాళ్ళు నివ్వెరపోయారు. తరవాత గబగబా బయల్దేరారు. తాబేలు తాత కూడా గబగబానే బయల్దేరాడు, ఆయన వరకూ.

మధ్యాహ్నానికి మద్ది చెట్టు కింద జాతరలా ఉంది. ఉడత చెట్టెక్కి నాలుగు దిక్కులూ చూస్తోంది. ముళ్ళపంది పెరటి దారి తవ్వుతోంది. చాపలూ చెంబులూ ఏడాది తిరక్కుండానే గడప దాటి బయట కుప్పగా పడున్నాయి. కొమ్మ మీద గోరింక అది చూసి నోరు తెరిచింది, ఏం చదవాలో తెలియక నోరు మూసుకుంది.

అచ్చియ్యమ్మ ముళ్ళపంది వెనకే నిలబడి తవ్విన మట్టిని బయటికి తోస్తోంది. చిగుళ్ళు వాచిపోయాయి, మీసాలకి మట్టి అంటుకుంది. ఆ పూట వియ్యపురాలు కూడా వచ్చి చూసింది. అచ్చియ్యమ్మ ఆమె వైపు తలెత్తలేదు.

"ఇంక చాలమ్మా, పొద్దున్నుంచీ చేస్తున్నావు. వచ్చి కూర్చో," అంది నూకాలు.

"అందరూ చదివించారు. నేనింకా చదివించలేదు," అంది అచ్చియ్యమ్మ. మళ్ళీ మట్టి తోసింది.

నూకాలు కాసేపు నిలబడి చూసింది. తరవాత వచ్చి తల్లి పక్కన చేరి, తనూ తొయ్యడం మొదలుపెట్టింది.

నీతి: కానుక ఇచ్చేటప్పుడు లోకం చెవికి ఏది గొప్పగా వినిపిస్తుందని చూడకండి; పుచ్చుకునేవాళ్ళు నోరు తెరిచి అడిగినదాన్ని వినండి.