శాంతికి కోడి

ఎండాకాలం వచ్చిందంటే కొండకింద మడుగు దగ్గర అడవి జంతువులకూ ఊరి జంతువులకూ రోజూ కురుక్షేత్రమే. గేదె నాగరత్నమ్మ దిగితే నీళ్లు బురదవుతాయి, పందులు దొర్లితే ఆ బురద కూడా మిగలదు. తాగి పోయేవాళ్లే కాని, పూడిక తీద్దామన్నవాడు ఒక్కడూ లేడు. కోడిపెట్ట వరహాలమ్మ పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని గట్టు మీదే ఎదురుచూసేది. ఆమె వంతు వచ్చేసరికి నీళ్లుండేవి కావు.

చివరికి ఎలుగు బంగారయ్యకు విసుగు పుట్టి, అందరికీ కలిపి ఒక జాతీయ సంస్థ పెట్టాల్సిందేనన్నాడు. వంతులవారీగా తాగించడం, తగువులు తీర్చడం, ఏటేటా పూడిక తీయించడం దాని పని. నక్క కొండలరావు ఎగిరి గంతేసి, దానికి ‘అఖిల అటవీ శాంతి, నిలకడైన అభివృద్ధి సంస్థ’ అని పేరు పెట్టాడు. నిలకడైనదంటే ఎప్పటికీ ఆగనిదని అర్థం కూడా చెప్పి, ఎవరూ అడక్కుండానే అధ్యక్షుడై కూర్చున్నాడు. ఆ పేరు ఒక్క గుక్కలో పలకబోయి నాగరత్నమ్మకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. అందరూ పడీపడీ నవ్వారు.

వరహాలమ్మ నవ్వలేదు. ‘శాంతి’ అన్న మాట చెవిన పడగానే ఆమెకు గుండె జారింది. ఊళ్లో మనుషులు అమ్మవారికి శాంతి చేయించినప్పుడల్లా కోళ్లగూట్లో ఒకరు తగ్గేవారు మరి. ఆ భయం నాగరత్నమ్మ చెవిలో వేసింది. నక్క చెవులు ఊరుకుంటాయా?

“వరహాలు వదిన మంచి మాట గుర్తుచేసింది. శాంతి అని పేరు పెట్టాక శాంతి చేయించకపోతే అరిష్టం. ఒక్క కోడి చాలు. అధ్యక్షుణ్ణి కనక ఆ ప్రసాదం బాధ్యత నేనే మోస్తాను” అన్నాడు కొండలరావు, నోరూరుతుంటే గుటకలు మింగుతూ.

కొరివితో తల గోక్కున్నానని వరహాలమ్మకు అప్పుడర్థమైంది. కానీ రెక్కల కింద పిల్లలు కదిలేసరికి ఎక్కడలేని తెలివీ వచ్చింది.

“అలాగే బావగారూ. అయితే మా ఊరి పద్ధతి పూర్తిగా వినండి. శాంతి చేయించే పెద్ద ముందు దీక్ష పట్టాలి. నీచు ముట్టకూడదు. దీక్ష ముగిశాకే కోడి.”

“ఓస్, అంతేనా? ఇప్పుడే పట్టేశాను. ఎన్నాళ్లుండాలి?”

“ఏ పని కోసం పడితే ఆ పని జరిగినన్నాళ్లూ ఉండాలి. మన పని అభివృద్ధి కదా.”

ముందుగా బంగారయ్య బొజ్జ కదిలింది. ఎప్పటికీ ఆగనిదని నువ్వేగా చెప్పావు అల్లుడూ అంటూ కింద పడి దొర్లాడు. నాగరత్నమ్మకు నవ్వు ఆగక మళ్లీ ఎక్కిళ్లొచ్చాయి. పదవి వదిలేస్తానని కొండలరావు లేవబోతే, దీక్ష మధ్యలో వదిలితే అరిష్టమని బంగారయ్య వాడి భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. ఎలుగు చెయ్యి పడ్డాక నక్క లేవడం కల్ల.

ఆ వేసవి మడుగులో పూడిక అంతా అధ్యక్షులవారే దగ్గరుండి తీయించారు, రేగుపళ్లు నములుతూ. కోడిపిల్లలు కళ్లెదుటే వంతు ప్రకారం వచ్చి తాగి వెళ్తుంటే వాడికి ప్రాణం ఉసూరుమనేది. ఒకరోజు ఆపుకోలేక, ఈ అభివృద్ధిని కాస్త తగ్గించే దారేమైనా ఉందా వదినా అని దీనంగా అడిగాడు.

“నిలకడగా ఉండండి బావగారూ” అని వరహాలమ్మ తీరిగ్గా ముక్కు తడుపుకుంది.

శాంతి పేరు చెప్పి బలి అడిగేవాడికి ముందు వాడి నోరే కట్టాలి.