మూడు పాదాల గుడి

స్కాట్లాండు తూర్పు తీరాన, కిన్‌లారిగ్ అనే జాలరిపల్లెకు ఉత్తరంగా, సముద్రంలోకి చొచ్చుకుపోయిన నల్లరాతి గుట్ట మీద ఒక చిన్న ప్రార్థనామందిరం ఉంది. పైకప్పు ఏనాడో గాలికి పోయింది. లోపల మోకాలెత్తు రాతి అరుగు తప్ప మరేమీ లేదు. ఊరివారు దీనిని మూడు పాదాల గుడి అంటారు. కొత్తగా వచ్చిన యాత్రికులు బండ మీద అడుగుల గుర్తులు వెతుకుతుంటారు. ఇక్కడి పాదాలు పద్యపాదాలు.

పూర్వం ఈ సీమనేలే ప్రభువు కొలువులో ఇంగ్రమ్ అనే కవి ఉండేవాడు. తల్లీతండ్రీ లేని ఆల్పిన్‌ను ఆయనే చేరదీసి, అక్షరాలు దిద్దించి, ఛందస్సు నేర్పి, కొలువులో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఆ రోజుల్లో పండుగ విందుల్లో ఇద్దరు కవులు ఎదురెదురుగా నిలబడి పద్యాలతో తిట్టుకోవడం ఒక వేడుక. ఒక క్రిస్మస్ విందులో ప్రభువు గురుశిష్యులనే పోటీకి దించాడు. మొదట బట్టతల మీద, మాసిన అంగీ మీద తిట్లు నడిచాయి. గురువు నవ్వుతూనే మాటమాటకూ శిష్యుణ్ణి ఓడిస్తున్నాడు. ఆల్పిన్‌కు రోషం తన్నుకొచ్చింది.

ఇంగ్రమ్ పడుచుతనంలో యుద్ధభూమి నుంచి పారిపోయాడు. గాయపడిన తమ్ముడు పేరు పెట్టి పిలుస్తున్నా వెనుదిరగలేదు. ఒకసారి జబ్బుపడినప్పుడు ఆ సంగతి శిష్యుడొక్కడికే చెప్పుకుని ఏడ్చాడు. ఆల్పిన్ దానినే నాలుగు పాదాల పద్యం చేసి సభలో విసిరాడు. నాలుగో పాదం ఆ తమ్ముడి పిలుపు.

సభ గొల్లున నవ్వింది.

"పద్యం బాగా కుదిరింది, నాయనా" అని ఇంగ్రమ్ బయటికి నడిచాడు. మళ్లీ కొలువుకు రాలేదు.

ఆల్పిన్ ఆస్థానకవి అయ్యాడు. పదేళ్లలో పునీతుల చరిత్రలు, రాజుల విజయగాథలు వేల పద్యాలుగా రాశాడు. ఎక్కడికి వెళ్లినా జనం మాత్రం ఆ ఒక్క తిట్టుపద్యమే చదవమనేవారు. నాలుగో పాదంలోని ఆ పిలుపు వినలేక చివరికి గురువును వెతుక్కుంటూ ఈ పల్లెకు వచ్చాడు. వలలు బాగుచేసుకుంటున్న ఇంగ్రమ్ చెల్లెలు మారియట ఎదురైంది. అన్న ఈ గుట్ట మీద కూర్చుని జాలరులకు చదువు చెబుతూ, నిరుడే కన్నుమూశాడని చెప్పింది.

"నన్నెప్పుడైనా తిట్టారా, అమ్మా?"

"నీ పేరే ఎత్తలేదు. సంతలో ఆ పద్యం పాడుతున్నారని సంతకు పోవడం మానేశాడు."

ఆల్పిన్ ఇక వెనక్కి పోలేదు. గురువు కూర్చున్నచోట తన చేతులతో రాళ్లు మోసి ఈ మందిరం కట్టాడు. ఆ పద్యం మరిచిపొమ్మని కనిపించిన వారినల్లా వేడుకున్నాడు. తెలిసినవారు నవ్వారు, తెలియనివారు "ఏ పద్యం?" అని అడిగి నేర్చుకున్నారు.

"కాలు జారి ఉంటే చెయ్యిచ్చి లేపేదాన్ని. నోరు జారావు, నేనేం చెయ్యను?" అంది మారియట.

తొమ్మిదేళ్ల తర్వాత మార్చి నెలలో అతను పోయాడు. అతని కావ్యాలన్నీ అంతకుముందే, వాటిని దాచిన మఠం తగలబడినప్పుడు బూడిదయ్యాయి. సమాధి దగ్గర కవిని గౌరవించాలని ఊరివారు తమకు వచ్చిన ఒకే ఒక పద్యం ఎత్తుకున్నారు. మూడో పాదం ముగియగానే మారియట చెయ్యెత్తింది.

"ఇక చాలు. ఇద్దరూ పోయారు. ఆ చివరి మాట వాళ్ల మధ్య వద్దు."

అందరూ ఆగిపోయారు. ఆ తర్వాత ఈ ఊళ్లో ఎవరూ నాలుగో పాదం పలకలేదు. అది తెలిసినవారు ఒక్కొక్కరే కన్నుమూశారు. పొరుగూళ్లూ ఇదే పద్ధతి పట్టాయి. ఆల్పిన్ బతికుండగా ఎంత వేడుకున్నా దొరకని మరుపు ఇలా దొరికింది. అది చూడటానికి అతను లేడు.

నేటికీ ఏటా మార్చిలో యాత్రికులు గుట్టెక్కి మూడు పాదాలు కలిసి చదివి, నాలుగో పాదమంతసేపు మౌనంగా నిలబడతారు. తమ మాటతో గాయపడినవారి పేరు అప్పుడు మనసులో తలుచుకుంటారు. ఆ మౌనం పాటించినవారికి, ఆ మనిషి బతికుండగానే వెళ్లి ముందుగా పలకరించే ధైర్యం కలుగుతుందని ఇక్కడివారి నమ్మకం. అందుకే చాలామంది ప్రార్థన ముగిశాక ఇక్కడ ఆగరు. త్వరత్వరగా గుట్ట దిగుతారు.